గుండె స్కాన్ ఎవరికి కావాలి, ఎవరికి తీస్తున్నాం?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో అమెరికాలో ఉంటున్న మనవాళ్ల గుండెపోట్ల మీద పూర్తి పేజీ వ్యాసం వేశారు. వేసినందుకు సంతోషమే, ఆ విషయం రాయాల్సిందే. కానీ వ్యాసం తిరిగి తిరిగి చివరికి "35 దాటిన ప్రతి ఒక్కరూ ఒక్కసారి హార్ట్ స్కాన్ తీయించుకుంటే నిశ్చింత" అన్నచోట ఆగింది, దాని కిందే ప్యాకేజీల ధరలతో ఒక బాక్సు. నేను హైదరాబాద్‌లో సీటీ టెక్నీషియన్‌ని. ఆ స్కాన్లు తీసేది మాలాంటివాళ్లమే కాబట్టి ఆ ఒక్క వాక్యం మీదా, ఆ బాక్సు మీదా చెప్పాల్సింది చాలా ఉంది. ఉత్తరం పొడుగైతే ఏమనుకోకండి, ఎక్కడ కావాలంటే అక్కడ కత్తిరించుకోండి, గల్ఫ్ గురించి రాసిన భాగం మాత్రం కత్తిరించొద్దు.

ముందు ఆ స్కాన్ సంగతి. గుండెకి రక్తం అందించే నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది, పేరుకున్నచోట కొన్నాళ్లకి కాల్షియం గట్టిపడుతుంది, సీటీలో అది తెల్లగా మెరుస్తుంది. అది ఎంత మేర ఉంది, ఎంత చిక్కగా ఉంది అని లెక్కగట్టి ఒక అంకె ఇస్తారు. 1990లో అమెరికాలో ఆర్థర్ అగాట్‌స్టన్, ఆయనతో పనిచేసినవాళ్లు పెట్టిన లెక్క ఇది, ఇప్పటికీ రిపోర్టులో అగాట్‌స్టన్ స్కోర్ అనే రాస్తారు. ఇంజెక్షన్ ఉండదు. ఛాతీ మీద ఈసీజీ లీడ్లు అతికించి, బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కసారి ఊపిరి బిగబట్టిస్తే పని అయిపోతుంది. రేడియేషన్ కూడా సుమారు 1 మిల్లీసీవర్ట్, అంటే ఏడాది పొడవునా నేల నుంచీ ఆకాశం నుంచీ మామూలుగా మన ఒంటికి తగిలేదాంట్లో సగం కూడా ఉండదు. ఈ స్కాన్ మీద నాకేం కోపం లేదు. మంచి పరీక్షే.

ఇంకొకటి ఉంది, సీటీ యాంజియోగ్రామ్. జనం రెండింటినీ కలిపి హార్ట్ స్కాన్ అంటారు, మీ వ్యాసంలోనూ రెండూ కలిసిపోయాయి. దీనికి ముందు కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియడానికి రక్తంలో క్రియాటినిన్ చూడాలి, మందు ఎక్కించడానికి చేతికి క్యాన్యులా అనే సూది గొట్టం పెట్టాలి, గుండె వేగం అరవై దరిదాపులకి దిగాలని మెటోప్రొలాల్ బిళ్ల వేసి బయట కూర్చోబెడతాం, నాలుక కింద స్ప్రే కొడతాం, ఆ తర్వాత కాంట్రాస్ట్ మందు ఎక్కిస్తాం. మందు ఎక్కగానే గొంతు దగ్గర మొదలై పొత్తికడుపు దాకా వేడి పాకుతుంది. చాలామంది పాస్ అయిపోయిందేమో అని కంగారుపడి కదిలిపోతారు, కదిలితే బొమ్మ పాడైపోతుంది, అందుకే "అలా అనిపిస్తుందమ్మా, కానీ ఏమీ అవదు, కదలకండి" అని ముందే చెప్పి పెడతాను. ఇది నాళం లోపల దారి ఎంత ఇరుకైందో చూపిస్తుంది. ఛాతీలో నొప్పో, బరువో, ఆయాసమో ఉండి డాక్టరుకి అనుమానం వచ్చినవాళ్లకి రాసే పరీక్ష. దీన్ని కూడా "గోల్డ్", "ప్లాటినం" అని పేరు పెట్టి ఏ బాధా లేనివాళ్లకి అమ్మేస్తున్నారు.

కాల్షియం స్కోర్‌కి కనపడనిది ఒకటుంది, అది మీ వ్యాసంలో అసలు రాలేదు. ఇంకా గట్టిపడని మెత్తటి కొవ్వు ఆ స్కాన్‌లో తెలీదు. గుండెపోటు చాలాసార్లు ఆ మెత్తటి కొవ్వు మీది పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడం వల్లే వస్తుంది. వయసు తక్కువైన కొద్దీ కాల్షియం చేరడానికి సమయం చాలదు కాబట్టి 35 ఏళ్ల మనిషికి సున్నా రావడం మామూలే, ఆ సున్నాకి 60 ఏళ్ల మనిషికి వచ్చే సున్నాకి ఉన్న విలువ లేదు. కానీ చిన్న వయసువాళ్లే ఎక్కువ భయపడుతున్నారు. 2021 అక్టోబర్లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు, నాలుగు నెలలు తిరక్కుండా ఆంధ్ర మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకి పోయినప్పుడు, మరుసటి ఏడు తారకరత్న 40 నిండకుండానే పోయినప్పుడు మా రిసెప్షన్లో ఫోన్లు ఆగలేదు. ఆ భయం నాకర్థమవుతుంది, నాకూ ఉంది. భయం ఉన్నచోట ఏది పెడితే అది అమ్ముడుపోతుంది, నా బాధంతా అదే.

మీ వ్యాసంలో "అమెరికా పరిశోధన" అని ఒక్క మాటలో తేల్చేసిన దాని గురించి కొంచెం వివరంగా రాయనివ్వండి. అమెరికాలో 2000లో మెసా అనే పెద్ద అధ్యయనం మొదలైంది. ఆరు ప్రాంతాల్లో 6,814 మందిని తీసుకుని, అప్పటికి గుండెజబ్బు లేనివాళ్లకి స్కాన్లు తీసి, ఏళ్ల తరబడి ఎవరికి ఏమవుతుందో చూస్తూ వచ్చారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, హిస్పానిక్‌లు, చైనా మూలాలవాళ్లు ఉన్నారు అందులో. మనవాళ్లు లేరు. ఆసియా అంటే చైనా ఒక్కటే అన్నట్టు లెక్క. ఇటు చూస్తే 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకి తొలి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, మిగతావాళ్లకి 58.8 ఏళ్లకని తేలింది. దాదాపు ఆరేళ్ల తేడా. అలాంటి జనం అమెరికా లెక్కల్లోనే లేకపోతే వాళ్ల రిస్క్ ఎంతో డాక్టర్లు ఏ పట్టిక చూసి చెప్పాలి?

అందుకే 2010లో డాక్టర్ అల్కా కనయా శాన్‌ఫ్రాన్సిస్కో వైపు, డాక్టర్ నమ్రత కందుల షికాగో వైపు అమెరికాలో ఉంటున్న దక్షిణాసియావాళ్ల గుండె మీద మసాలా అనే అధ్యయనం మొదలుపెట్టారు. మెసాలో ఎలా చేశారో అచ్చం అలాగే చేయాలని, చేస్తేనే పక్కపక్కన పెట్టి పోల్చొచ్చని. మొదటి మూడేళ్లలో 906 మందిని చేర్చుకున్నారు, దాదాపు అందరూ వేరే దేశాల నుంచి అక్కడికి వలస వెళ్లినవాళ్లే, ఎక్కువమంది ఇక్కడ పుట్టినవాళ్లు. ఏం తేలిందంటే, వయసు సరిచేసి చూస్తే షుగరు మనవాళ్లలో 23 శాతం, అదే తెల్లవాళ్లలో 6 శాతం, మిగతా మూడు వర్గాల్లోనూ మనకంటే తక్కువే. బరువు తక్కువే ఉన్నా పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు మనకి ఎక్కువ, కండ తక్కువ. వేపుడు చిరుతిళ్లు, స్వీట్లు, వెన్న తీయని పాల పదార్థాలు ఎక్కువ తినేవాళ్లలో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, మంచి కొలెస్ట్రాల్ తగ్గడం కనపడింది. కాల్షియం దగ్గరికొస్తే మీ వ్యాసానికి పూర్తి భిన్నంగా ఉంది విషయం. మన మగవాళ్ల స్కోర్లు తెల్ల మగవాళ్లతో సమానంగా ఉన్నాయి, నల్లవాళ్లకంటే, హిస్పానిక్‌లకంటే, చైనావాళ్లకంటే ఎక్కువ. అంతేగానీ "మనవాళ్ల నాళాల్లో అందరికంటే ఎక్కువ కాల్షియం" అని మీరు పెద్దక్షరాల్లో వేసింది అందులో లేదు. నిజంగా కళ్లు తిరిగే తేడా కనపడింది షుగరు దగ్గర. దానికి సీటీ మిషను అక్కర్లేదు, వేలు మీద ఒక సూది పోటు చాలు.

మరి ఈ స్కాన్ ఎవరికి? 2018లో అమెరికా గుండె వైద్యుల సంఘాలు ఇచ్చిన కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో ఇది చాలా మామూలు మాటల్లో ఉంది. వయసు 40 నుంచి 75 మధ్య, బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్టు అన్నీ కలిపి లెక్కేస్తే రిస్క్ మరీ ఎక్కువా కాదు, తక్కువా కాదు అన్నట్టు మధ్యలో ఉన్న మనిషి, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ల వేసుకోవాలా వద్దా అని డాక్టరూ పేషంటూ ఇద్దరూ తేల్చుకోలేకపోతే, అప్పుడు తీయండి అంటారు. స్కోర్ 100 గానీ ఆపైన గానీ వస్తే స్టాటిన్ మొదలుపెట్టండి. సున్నా వస్తే కొన్నేళ్లు ఆగొచ్చు, కానీ షుగరు ఉన్నా, సిగరెట్టు తాగుతున్నా, ఇంట్లో చిన్న వయసులో గుండెపోట్లు ఉన్నా ఆ సున్నాని నమ్ముకుని ఆగొద్దు. దక్షిణాసియా మూలాలు ఉండటాన్ని రిస్క్ పెంచే సంగతుల్లో ఒకటిగా రాసింది కూడా ఆ 2018 కాగితంలోనే. అంటే మనలాంటివాడు ఆ మధ్య గీత మీద ఉంటే కొంచెం ముందే జాగ్రత్తపడండి అని. 35 దాటిన ప్రతి ఒక్కరినీ తోసుకురండి అని కాదు.

ఇప్పుడు మా గదిలో ఏం జరుగుతోందో వినండి. పోయిన డిసెంబర్లో డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన ఒకబ్బాయి, నలభై లోపే, వాళ్లమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చాడు. అక్కడి నుంచే ఆన్‌లైన్లో ఇద్దరికీ ప్యాకేజీ బుక్ చేశాడు, ఆయనకి "ఎగ్జిక్యూటివ్", ఆమెకి "సీనియర్ సిటిజన్". రెంట్లోనూ కాల్షియం స్కోర్ ఉంది. ఆయనకి సున్నా వచ్చింది. ఫోన్లో ఎవరికో "బ్రో, జీరో, ఫుల్ క్లియర్" అని మెసేజ్ పెట్టుకుంటున్నాడు, చొక్కా జేబులో సిగరెట్టు పెట్టె, అదే ఫైల్లో మూడు నెలల షుగరు సగటు 8 దగ్గరుంది. ఆ కాగితం తిప్పి చూడలేదు. ఇక అమ్మగారు. ఖమ్మం దగ్గర ఊరు, అరవై దాటాయి, షుగరు, బీపీ రెండూ పదేళ్ల పైబడి ఉన్నాయి. నేను లీడ్లు అతికిస్తుంటే మెల్లగా అన్నారు, "నాయనా, మేడ మెట్లెక్కితే ఇక్కడ రాయి పెట్టినట్టుంటంది, కాసేపు నిలబడితే పోతంది" అని. ఆ మాట ఆమె కొడుక్కి చెప్పలేదు. రిసెప్షన్లో అడిగినవాళ్లు లేరు, ప్యాకేజీ ఫారంలో ఆ ప్రశ్నే లేదు, డాక్టరుతో మాట్లాడటం అన్ని రిపోర్టులూ వచ్చాక చివర్లో పది నిమిషాలు. షుగరుతో అరవై దాటిన మనిషికి కాల్షియం స్కోర్ ఎంతొచ్చినా స్టాటిన్ వేయాల్సిందే, ఆ స్కాన్‌తో కొత్తగా తెలిసేదేం లేదు. మెట్లెక్కితే ఛాతీలో బరువు అంటే అది స్క్రీనింగ్ సంగతే కాదు, ఆ పూటే డాక్టరు చూడాల్సిన మనిషి. స్కాన్ ఆపేసి డ్యూటీ డాక్టర్ని పిలిచాను. ప్యాకేజీలో స్కాన్ ఎందుకు ఆపావని బిల్లింగ్ వాళ్లు నన్ను అడిగారు, అది వేరే కథ.

ఛాతీ నొప్పి ఉన్నవాళ్లకి సీటీ యాంజియోగ్రామ్ ఎంత పనికొస్తుందో చూపించిన పరిశోధన కూడా ఉంది, అదీ చెప్పాలి. స్కాట్లాండ్‌లో 4,146 మంది ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి మామూలు వైద్యం, ఇంకో గుంపుకి దాంతోపాటు ఈ స్కాన్ చేశారు. ఐదేళ్లలో గుండెజబ్బుతో చావో, గుండెపోటో స్కాన్ గుంపులో 2.3 శాతం, రెండో గుంపులో 3.9 శాతం. లాభం ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎక్కువ భాగం మందుల నుంచే, బొమ్మలో జబ్బు కళ్లకి కనపడ్డాక డాక్టర్లు రాశారు, పేషంట్లు వేసుకున్నారు. స్టెంట్లు ఎక్కువ వేసినందువల్ల కాదు. మన దగ్గర కథ తిరగబడుతుంది. ఏ బాధా లేని మనిషికి ప్యాకేజీలో స్కాన్ తీస్తారు, "60 శాతం బ్లాక్" అని రాస్తారు, ఇక ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు, వారం తిరక్కుండా స్టెంట్. 37 దేశాల్లో 5,179 మందితో జరిగిన ఇస్కీమియా ట్రయల్, అందులో మన దేశపు పేషంట్లూ ఉన్నారు, ఏం చెప్పిందంటే, నిలకడగా ఉన్న గుండెజబ్బులో ముందే స్టెంటో బైపాసో చేసినంత మాత్రాన మందులతో నడిపినవాళ్లకంటే చావులు తగ్గలేదు అని. నొప్పి ఎక్కువున్నవాళ్లకి ఉపశమనం దొరికింది, అది నిజం, అది తక్కువేం కాదు. గుండెపోటు వచ్చి పడిపోయిన మనిషికి స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది, అక్కడ వాదనే లేదు. నేను మాట్లాడేది ప్యాకేజీ స్టెంట్ల గురించి.

ఇంకో చిక్కుంది, పేపర్లలో ఎవరూ రాయరు. గుండె కోసం తీసిన బొమ్మలో పక్కనున్న ఊపిరితిత్తులు కూడా కొంత పడతాయి. మన దేశంలో ఎప్పుడో తెలియకుండా వచ్చి మానిపోయిన టీబీ మచ్చలు ఎంతమందికి ఉంటాయో లెక్కలేదు. రిపోర్టులో "చిన్న నాడ్యూల్", అంటే చిన్న గడ్డలాంటి చుక్క, అని ఒక ముక్క రాగానే వాళ్లు గూగుల్ చేస్తారు, క్యాన్సర్ అని వస్తుంది, ఇక టెన్షన్. మళ్లీ స్కాన్, మూడు నెలలకి ఇంకోటి. అమెరికా ఫ్లైటు వాయిదా వేసుకున్నవాళ్లని చూశాను.

పరిశోధన అంటే ఎప్పుడూ కొత్త పరీక్ష చేయమని చెప్పడమే అనుకుంటాం. మా ఎక్స్‌రే గదిలోకి వచ్చే పిల్లల సంగతి చూడండి. ఆడుతూ చెయ్యి ఆనించి పడితే మణికట్టు దగ్గర ఎముక చాలాసార్లు పూర్తిగా విరగదు, కాస్త నొక్కుకుపోతుంది, బకిల్ ఫ్రాక్చర్ అంటారు. బ్రిటన్‌లో 23 ఆసుపత్రుల్లో 4 నుంచి 15 ఏళ్ల పిల్లలు 965 మందిని తీసుకుని సగం మందికి గట్టి పట్టీ, సగం మందికి ఉత్త బ్యాండేజీ ఇచ్చి చూశారు, నొప్పిలో తేడా రాలేదని 2022లో ప్రకటించారు. ఇది మన పేపర్లలో వచ్చినట్టు నాకు గుర్తులేదు. తక్కువ చేస్తే చాలు అని తేలిన వార్తకి కింద పెట్టడానికి ప్రకటన దొరకదు మరి.

సరే, మళ్లీ వలస దగ్గరికి. మసాలా మంచి అధ్యయనం, నాకు గౌరవం, కానీ అందులో ఎవరున్నారో కూడా చూడాలి. మొదట్లో చేరాలంటే ఇంగ్లీషో, హిందీయో, ఉర్దూయో వచ్చి ఉండాలి. చేరినవాళ్లలో చదువుకున్నవాళ్లు, స్థిరపడ్డవాళ్లే ఎక్కువ. తర్వాత ఇంకొందరిని కలుపుకుని 1,164 మంది దాకా పెంచారు, ఆ తర్వాత పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవాళ్లని ఎక్కువగా చేర్చుకోవడం మొదలుపెట్టారు. కొడుకు దగ్గరికెళ్లి మనవల్ని పెంచుతూ ఉండిపోయిన, తెలుగు తప్ప ఇంకోటి రాని పెద్దావిడ మొదటి విడత గడప దాటలేదు. నిజానికి గుండె రిస్క్ ఎక్కువుండేవాళ్లలో ఆమె కూడా ఒకరు. 65 దాటి గ్రీన్‌కార్డు మీద వెళ్లినవాళ్లకి ఐదేళ్లు వరసగా అక్కడుంటే తప్ప డబ్బు కట్టి కూడా మెడికేర్‌లో చేరే వీలుండదు. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకి తీసే ఇన్సూరెన్సులు చాలావరకు ముందే ఉన్న జబ్బుకి డబ్బివ్వవు, "హఠాత్తుగా ముదిరితే" అని ఒక క్లాజు పెట్టి, దానికి వయసునిబట్టి పరిమితులు పెడతాయి. అందుకే పిల్లలు "అమ్మా, అక్కడే అన్నీ చూపించుకుని రా" అంటారు. అది తెలివైన పనే. కానీ చూపించుకోవడం అంటే డాక్టరుకి చూపించుకోవడం. నెలకి సరిపడా కాదు, ఉండబోయే నెలలన్నిటికీ మందులు, చీటీతో సహా పెట్టుకోవడం. ఛాతీలో బరువు ఉంటే అది దాచకుండా చెప్పడం.

భాష అన్నాను కాబట్టి ఒక మాట. మా మిషన్లో "ఊపిరి పీల్చండి, బిగబట్టండి" అని చెప్పే రికార్డు గొంతు ఇంగ్లీషులో ఉంటుంది, నొక్కితే హిందీ వస్తుంది. పల్లెటూరి పెద్దవాళ్లు ఆ గొంతు వినగానే బిగబట్టాల్సినచోట వదిలేస్తారు, బొమ్మ అదిరిపోతుంది, మళ్లీ తీయాలి. నేను ఆ గొంతు ఆపేసి మైకులో నేనే తెలుగులో చెప్తాను. ఒకసారికి సరిగ్గా వస్తుంది.

డల్లాస్ పాఠకులకి పనికొచ్చేది కూడా ఒకటి రాస్తాను, మీ వ్యాసంలో ఇది ఉంటే బాగుండేది. టెక్సాస్‌లో 2009 నుంచి ఒక చట్టం ఉంది. 45 దాటి 76 నిండని మగవాళ్లు, 55 దాటి 76 నిండని ఆడవాళ్లలో షుగరు ఉన్నవాళ్లకీ, రిస్క్ మధ్యస్థంగానో అంతకంటే ఎక్కువగానో ఉన్నవాళ్లకీ ఐదేళ్లకోసారి ఈ తరహా స్కాన్‌కి 200 డాలర్ల దాకా ఇన్సూరెన్స్ ఇవ్వాలి. పెద్ద కంపెనీలు సొంత డబ్బుతో నడుపుకునే ప్లాన్లకి రాష్ట్ర చట్టం వర్తించదు, మన సాఫ్ట్‌వేర్‌వాళ్లలో చాలామందివి అవే, కాబట్టి ముందు హెచ్‌ఆర్‌ని అడగండి. చూడండి, చట్టం చేసినవాళ్లు కూడా 35 అని రాయలేదు.

ఇక కత్తిరించొద్దన్న భాగం. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఊళ్లో ప్రతి వాడకట్టులోనూ దుబాయి మనిషి ఉంటాడు, దుబాయి అంటే మాకు సౌదీ, ఖతార్, కువైట్ అన్నీ. మీ వ్యాసం శీర్షికలో "ప్రవాస తెలుగువాళ్ల గుండె" అని ఉంది, లోపల ఒక్క గల్ఫ్ మనిషి లేడు. ఈ మనుషులకి వలస కోసం తీసే బొమ్మ ఒక్కటే, ఛాతీ ఎక్స్‌రే, అదీ టీబీ ఉందేమోనని, అంటే అక్కడి దేశం తన జాగ్రత్త కోసం తీయించేది. గల్ఫ్‌కి వెళ్లేముందు చేసే ఆ వైద్య పరీక్షని గాంకా మెడికల్ అంటారు ఊళ్లో ఇప్పటికీ. ఫిట్ అయితే ఫ్లైటు, అన్‌ఫిట్ అయితే అప్పు. మా చిన్నాయన కొడుకు దమ్మాంలో తాపీ పని చేస్తాడు, 45 దాటాయి. ఇక్కడున్నప్పుడు బీపీ బిళ్ల వేసుకునేవాడు, అక్కడికి వెళ్లాక అయిపోయింది, మళ్లీ రాయించుకోవాలంటే పని మానుకుని క్లినిక్‌కి పోవాలి, జీతం కోత. "తల పట్టేస్తే పనడాల్ ఏస్కుంటున్నం అన్నా" అంటాడు ఫోన్లో, పనడాల్ అంటే ఉత్త నొప్పి బిళ్ల. ఆయనకి ఒక్క కాల్షియం స్కోర్ అక్కర్లేదు. నెలకి సరిపడా బీపీ బిళ్లలు కావాలి, మధ్యాహ్నం నీడ కావాలి.

శవపేటికలు శంషాబాద్‌లో దిగుతాయి, కాగితం మీద "సహజ మరణం" అనో "కార్డియాక్ అరెస్ట్" అనో ఉంటుంది. ముప్పై ఐదేళ్లకి సహజ మరణం ఏంటి? గుండె ఆగకుండా ఎవరూ చావరు, ఎందుకు ఆగిందో రాయాలి కదా. అమ్నెస్టీ సంస్థ 2021లో ఖతార్ మరణాల మీద ఇచ్చిన నివేదికలో అడిగింది ఇదే. నేపాల్‌వాళ్ల విషయంలో ఒక మంచి పరిశోధన జరిగింది. 2009 నుంచి 2017 మధ్య ఖతార్‌లో చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల వివరాలు తీసి ఎండలతో పోల్చి చూశారు. అందులో 571 మంది గుండె, రక్తనాళాల జబ్బు పేరు మీద పోయినవాళ్లు, ఎండ తీవ్రత పెరిగిన నెలల్లో ఆ మరణాలూ పెరిగాయి. 2021లో ఖతార్ ఎండాకాలంలో బయట పని ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆపాలని నిబంధన మార్చింది. ఈ పరిశోధనలో ఒక్క సీటీ స్కాన్ లేదు. చనిపోయినవాళ్ల జాబితా, ఎండ లెక్క, రెండూ పక్కన పెట్టి చూసే ఓపిక. అంతే. మన రాష్ట్రాల నుంచి వెళ్లినవాళ్ల జాబితాలు ప్రభుత్వాల దగ్గర, ఎంబసీల దగ్గర ఉన్నవే. ఉస్మానియాలోనో, నిమ్స్‌లోనో, గుంటూరు, కాకినాడల్లోనో పీజీ చేస్తున్న పిల్లలకి థీసిస్‌కి ఇంతకంటే మంచి విషయం ఏం దొరుకుతుంది? కడప, అన్నమయ్య జిల్లాల నుంచి కువైట్ వెళ్లే ఆడవాళ్లున్నారు, ఇళ్లలో పనికి, వాళ్ల గుండె గురించి ఎవరైనా ఎక్కడైనా ఒక కాగితం రాసి ఉంటే దయచేసి మీ పాఠకులెవరైనా చెప్పండి, వెతికితే నాకు కనపడలేదు.

మీ నుంచి కోరేది రెండే. ఆ బాక్సులో వేసిన ప్యాకేజీల్లో ప్రకటన ఏది, వార్త ఏది అని పాఠకులకి తెలిసేలా వేయండి, డబ్బు తీసుకుని వేసిందైతే ఆ ముక్క పైన రాయండి. రెండోది, వచ్చే ఆదివారం అదే సైజులో ఇంకో బాక్సు వేయండి. 30 దాటినవాళ్లకి బీపీ, షుగరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తెలంగాణలో పల్లె దవాఖానాల్లో, బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు. ఊరి ఆశా కార్యకర్తని అడిగితే ఏ రోజు వెళ్లాలో చెబుతుంది. గల్ఫ్ సెలవు మీద వచ్చినవాడు ఆ రెండు నెలల్లో ఒక పూట అక్కడికి వెళ్లి, తిరిగి పోయేటప్పుడు డాక్టరు చీటీతో సహా బిళ్లలు పట్టుకుపోవాలి, చీటీ లేకపోతే అక్కడి ఎయిర్‌పోర్టులో ఇబ్బంది పెడతారు. ఈ వివరాలన్నీ జిల్లాలవారీగా వేయడానికి మీకున్నంత మంది విలేకరులు ఇంకెవరికీ లేరు. దీనికి స్పాన్సర్ దొరకడని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక సీటీ టెక్నీషియన్,
హైదరాబాద్